దయ్యం పుస్తకం హస్తభూషణం

క్లాసిక్ హారర్‌తో పరిచయం పెంచుకుందామనుకుంటున్నారా? మంచి ఆలోచన. పరిచయం వరకే సుమా. స్నేహం దాకా పోతే రాత్రిళ్ళు మంచినీళ్ళకు వంటింట్లోకి కూడా వెళ్ళలేరు.

నేను ఇరవై ఏళ్ళుగా ఈ రంగంలో ఉన్నాను. నా బీరువాలో ముప్ఫై నాలుగు హారర్ క్లాసిక్స్ ఉన్నాయి. ఒక్కదానివల్ల కూడా నాకు నిద్ర చెడలేదు. (ఒక్క రాత్రి చెడింది. అది కరెంటు తప్పు, ఆ సంగతి తరవాత చెబుతాను.) ఈ సాహిత్యం పని భయపెట్టడం. మన పని దాని చేతికి చిక్కకుండా, చదివినవాళ్ళలా చలామణీ కావడం. కింది చిట్కాలు పాటిస్తే ఆరు నెలల్లో నా స్థాయికి వస్తారు. బద్ధకం పుట్టుకతోనే ఉంటే మూడు నెలలు చాలు.

1. పొట్టి పుస్తకాల జోలికి పోకండి.

కొత్తవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఎవరో చెప్పారని స్టీవెన్‌సన్ రాసిన 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్' పట్టుకుంటారు. 1886లో వచ్చిన చిన్న నవల అది, ఓ సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. అయిపోయాక ఊరుకుంటారా? ఇంకోటి కావాలనిపిస్తుంది. షెరిడన్ లె ఫాను 'కార్మిల్లా' మరీ ప్రమాదం. డ్రాకులా పుట్టడానికి పాతికేళ్ళ ముందే, 1872 నాటికే, ఆ మహానుభావుడు ఒక ఆడ రక్తపిశాచిని తెచ్చి ఒంటరి పిల్లకు స్నేహితురాలిగా ఇంట్లో పెట్టాడు. అదీ వంద పేజీల లోపు వ్యవహారమే. ఇక డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ 'ది మంకీస్ పా' అరగంట కథ, కాఫీ చల్లారేలోపు పట్టేస్తుంది. ఈ మూడింటినీ గుమ్మంలోంచే పంపించేయండి.

మీరు మూలాల నుంచి మొదలుపెట్టాలి. "నాకు ఏదైనా మొదట్నించీ రావాలండీ" అనండి, వినడానికి ఎంతో బాగుంటుంది. మొదటిది హొరేస్ వాల్‌పోల్ 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో', 1764. మొదటి పేజీల్లోనే ఆకాశంలోంచి ఏనుగంత శిరస్త్రాణం ఊడిపడి పెళ్ళికొడుకును పచ్చడి చేస్తుంది. ఇక్కడ ఆసక్తి పుట్టే ప్రమాదం ఉంది కాబట్టి వెంటనే మూసేసి ఆన్ రాడ్‌క్లిఫ్ 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడోల్ఫో' తెరవండి. 1794, నాలుగు సంపుటాలు. కొండలు, సూర్యాస్తమయం, మళ్ళీ కొండలు. మధ్యలో ఓచోట కథానాయిక ఒక నల్లటి తెర ఎత్తి చూసి మూర్ఛపోతుంది. ఏం చూసిందో చెప్పడానికి రాడ్‌క్లిఫ్ నాలుగో సంపుటం దాకా ఆగింది. మైనపు బొమ్మ. ఇదిగో, చెప్పేశాను, మీకు పని తప్పింది.

ఆ తరవాత 1820 నాటి మెట్యూరిన్ 'మెల్మత్ ది వాండరర్' ఉంది. కథలో కథ, ఆ కథలో ఇంకో కథ, మన కాశీమజిలీల్లా. కాశీ చేరే ఉద్దేశం ఎలాగూ లేదు కనుక ఏ మజిలీలో దిగిపోయినా నష్టం లేదు. ఈ వరసలో వెళ్తే ఎడ్గార్ అలెన్ పో దగ్గరికి రావడానికి పదేళ్ళు పడుతుంది. రారు.

2. పుస్తకాన్ని పాతది చేయండి. కుదరకపోతే పాతదే కొనండి.

కొత్త ప్రతి మిమ్మల్ని పట్టిచ్చేస్తుంది. హైదరాబాదులో ఉంటే ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీదికి వెళ్ళండి. ఎవరో ఎం.ఏ. ఇంగ్లీషు కుర్రాడు పెన్సిల్‌తో గీతలు గీసి, మార్జిన్లలో చీమల బారులా రాసుకుని, పరీక్ష అయ్యాక వదిలించుకున్న ప్రతి కోసం వెతకండి. అది దొరికిందంటే బంగారం దొరికినట్టే. గీతలు మీవేనని చెప్పండి. మార్జిన్లో ఉన్నవి రెండు బట్టీ పట్టండి, అర్థం కానివైతే మరీ మేలు. గుర్తుకాగితం మూడింట రెండు వంతుల దగ్గర పెట్టి, నెలకోసారి దులిపేటప్పుడు పది పేజీలు ముందుకు జరపండి. మా ఇంట్లో 'డ్రాకులా' ఇలా మూడుసార్లు పూర్తయింది.

3. సినిమా చూసి నవల గురించి మాట్లాడండి.

దీనికి 'ఫ్రాంకెన్‌స్టైన్' కన్నా మంచి అభ్యాసం లేదు. మెడకు రెండు పక్కలా బోల్టులు, బల్లపరుపు తల, నోట్లోంచి మూలుగు తప్ప మాట రాదు. ఇది 1931లో జేమ్స్ వేల్ తీసిన సినిమాలో బోరిస్ కార్లాఫ్‌కు జాక్ పియర్స్ వేసిన మేకప్. 1818 నాటి మేరీ షెల్లీ నవలలో బోల్టులు లేవు. మీకెందుకు? ఉన్నాయనండి.

రాక్షసుడి పేరే ఫ్రాంకెన్‌స్టైన్ అనండి. అది వాణ్ణి తయారుచేసినవాడి ఇంటిపేరు, రాక్షసుడికి నామకరణమే జరగలేదు. ఆ చేసినవాణ్ణి డాక్టర్ అనండి. నిజానికి విక్టర్ ఇంగొల్‌స్టాట్‌లో చదువుకుంటున్న కుర్రాడు. పెద్ద కోట ఉందనండి. అతని ప్రయోగశాల మేడమీద ఓ మూలగది. గూని నౌకరు ఇగోర్ గురించి వర్ణించి చెప్పండి. నవల్లో అలాంటి నౌకరే లేడు, 1931 సినిమాలో ఫ్రిట్జ్ అనే గూనివాణ్ణి పెట్టారు, ఇగోర్ అన్న పేరు 1939 సినిమాతో వచ్చి చేరింది. మెరుపులు ఆకర్షించి ప్రాణం పోశాడనండి. నవల్లో ఆ వేళకు నవంబరు వాన పడుతోంది, కొవ్వొత్తి కొడిగడుతోంది, ప్రాణం ఎలా పోశాడో విక్టర్ చచ్చినా చెప్పడు. ఈ తప్పులన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేయండి. విడివిడిగా చెబితే ఎవరైనా పట్టుకుంటారు, వరదలా వస్తే దేన్ని పట్టుకోవాలో తెలీదు.

అయినా ఎవరో ఒకరు అడ్డుపడతారు. అప్పుడు కళ్ళజోడు కొంచెం కిందికి దించి, "మీరు చదివింది ఏ ఎడిషన్?" అనండి.

ఇది బ్రహ్మాస్త్రం. ఎందుకంటే తేడా నిజంగానే ఉంది. 1831లో మేరీ షెల్లీ నవలను చాలాచోట్ల తిరగరాసింది. 1818 ప్రతిలో ఎలిజబెత్ విక్టర్‌కు సాక్షాత్తూ మేనత్త కూతురు. 1831 ప్రతిలో తల్లి ముచ్చటపడి తెచ్చి పెంచుకున్న అనాథ పిల్ల. వరసైన మరదలు కాబట్టి మన తెలుగువాళ్ళు 1818 వైపే ఉండాలని నా అభిప్రాయం. ఎదుటివాడు 1818 అంటే మీరు 1831 అనండి, 1831 అంటే 1818 అనండి. రెండూ చదివానని వాడంటే మాత్రం టైము చూసుకుని లేవండి.

నవల పుట్టిన కథ ఒకటి దగ్గర పెట్టుకోండి, నవల కన్నా అది చాలా చిన్నది. 1815లో ఇండొనీషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ ధూళి ఆకాశమంతా కమ్మేసి 1816లో యూరపుకు వేసవే రాలేదు. జెనీవా సరస్సు ఒడ్డున విల్లా డియోడాటిలో, వాన వదలక లోపలే చిక్కుబడ్డ మిత్రబృందంతో తలా ఒక దయ్యం కథ రాద్దామన్నాడు బైరన్. అప్పుడు మేరీకి పద్ధెనిమిదేళ్ళు. ఆ వయసులో మనం ఎంసెట్ రాశాం, కుంగిపోకండి. అక్కడే ఉన్న బైరన్ డాక్టరు పోలిడోరి రాసిన 'ది వాంపైర్' 1819లో అచ్చయినప్పుడు పత్రికవాళ్ళు బైరన్ పేరు వేసేశారు. రాసిందొకరు, పేరొకరిది. మన బోటివాళ్ళకు ఈ రంగంలో అప్పట్నించే చోటుందన్నమాట.

ఒక హెచ్చరిక. నవల నడిమధ్య భాగం తెరవకండి. అక్కడ రాక్షసుడు మాట్లాడతాడు. ఓ పేద కుటుంబం ఇంటి పక్క కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి వాళ్ళ మాటలు విని భాష నేర్చుకుంటాడు. అడవిలో దొరికిన తోలు పెట్టెలోంచి మిల్టన్ 'ప్యారడైజ్ లాస్ట్', ప్లూటార్క్ జీవితచరిత్రలు, గోథె 'వెర్తర్' తీసి చదువుకుంటాడు. అంటే రాక్షసుడు మనకన్నా ఎక్కువ చదివాడు. అంత చదువూ చదివి, మంచుకొండ మీద తనను పుట్టించినవాణ్ణి ఆపి, పుట్టించి ఎందుకు పారిపోయావని నిలదీస్తాడు. ఆ పేజీల్లో పడితే రాక్షసుడి పక్షం చేరిపోతారు. తిరిగిరారు.

4. 'డ్రాకులా' నాలుగు అధ్యాయాలు చాలు.

బ్రామ్ స్టోకర్ 1897లో ఇరవై ఏడు రాశాడు. అది ఆయన దుబారా. కోట, అద్దంలో కనబడని ఆతిథేయి, గోడమీద బల్లిలా తలకిందులుగా పాకే కౌంట్, అన్నీ మొదటి నాలుగింట్లోనే ఉన్నాయి. అవి కూడా పూర్తిగా అక్కర్లేదు. మొదటి అధ్యాయం ఆరంభంలో ఒక కోడికూర ఉంటుంది. పాప్రికా దట్టించిన ఆ కూర తిన్న జోనథన్ హార్కర్, కాబోయే భార్య మీనా కోసం చేసే విధానం కనుక్కోవాలని డైరీలో రాసుకుంటాడు. ఇది కంఠతా పట్టండి. నవల్లో మీకు నచ్చిన ఘట్టమేదని అడిగితే కోడికూర అనండి. ఇంత చిన్న సంగతి గుర్తున్నవాడు మిగతాది చదవకుండా ఉంటాడా అని అందరూ నోరు మూసుకుంటారు.

మిగతా ఇరవై మూడింటికీ సినిమాలున్నాయి. ఎండ పడితే డ్రాకులా మాయమైపోతాడనండి. నవల్లో అతను పట్టపగలు లండన్ పికడిల్లీలో నిలబడి ఉంటాడు. ఎండకు చచ్చింది 1922 నాటి జర్మన్ మూకీ సినిమా 'నోస్ఫెరాటు'లోని పిశాచి. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెక్కి ఆ సినిమా ప్రతుల్ని నాశనం చేయమని ఉత్తర్వు తెచ్చింది. కొన్ని ప్రతులు తప్పించుకున్నాయి, వాటితోపాటు ఎండ కథా బతికింది. గుండెలో కర్రమేకు దిగ్గొట్టి డ్రాకులాను చంపారని కూడా చెప్పండి. మేకు పడింది మీనా స్నేహితురాలు లూసీకి. కౌంట్ చచ్చింది రెండు కత్తులకు. క్విన్సీ మోరిస్ బౌయీ కత్తి గుండెలో దిగింది, హార్కర్ కుక్రీ గొంతు కోసింది. కుక్రీ అంటే గూర్ఖాల కత్తే. ట్రాన్సిల్వేనియా పిశాచి పీడ వదిలించడానికి మన నేపాళ మాంత్రికుడి ఊరి సరుకు కావలసి వచ్చింది. ఇలాంటివి చివరి అధ్యాయంలో ఉంటాయి కాబట్టే దాన్ని తెరవద్దంటున్నాను.

డ్రాకులాకు మీసాల్లేవని పందెం కాయండి. 1931 సినిమాలో డ్రాకులా వేషం వేసిన బెలా లుగోసికి లేవు కదా! నవల్లో పొడుగాటి తెల్లమీసాలు ఉన్నాయి. ఓడిపోతారు, పోతే టీ ఖర్చు పోతుంది.

పుస్తకం చేతిలో పట్టుకోక తప్పని పరిస్థితి వస్తే ఒక ఉపాయం ఉంది. ఇందులో కథంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపరు కటింగులు, ఫోనోగ్రాఫులో చెప్పుకున్న మాటలు. తేదీలు చూడకండి. ఎవరు రాస్తున్నారో గమనించకండి. నలభై పేజీల్లో తలనొప్పి వస్తుంది, అప్పుడు స్టోకర్‌కు కథ చెప్పడం రాదని తేల్చేయవచ్చు. నవల్లో మీనా ఈ కాగితాలన్నీ పోగేసి తేదీలవారీగా టైపు చేస్తుంది, వాటిని పక్కపక్కన పెట్టి చూస్తేనే వాళ్ళకు శత్రువు జాడ తెలుస్తుంది. ఆవిడ అంత కష్టపడ్డాక మళ్ళీ మనమెందుకు?

ఇంకా మనసు పీకుతుంటే ఇది గుర్తుచేసుకోండి. స్టోకర్ ట్రాన్సిల్వేనియా మొహం చూడకుండానే ట్రాన్సిల్వేనియా గురించి రాశాడు. ఆయన పుస్తకం మొహం చూడకుండా మనం మాట్లాడితే చెల్లుకు చెల్లు. అందుకోసం ఆయన ఏళ్ళ తరబడి నోట్సు రాసుకున్న సంగతి మాత్రం ఎత్తకండి.

5. మాటిమాటికీ లేవండి.

పో 1846లో 'ది ఫిలాసఫీ ఆఫ్ కంపోజిషన్' అని ఒక వ్యాసం రాశాడు. రచన అన్నది కూర్చున్నచోటే ముగిసిపోవాలని, మధ్యలో లేస్తే లోకవ్యవహారాలు జొరబడి దాని పట్టు జారిపోతుందని అతని వాదం. శత్రువు తన ఆయువుపట్టు తానే చూపించాడు. మర్రిచెట్టు తొర్రలో చిలకను వెతుక్కునే శ్రమ కూడా లేదు.

అతని 'ది టెల్-టేల్ హార్ట్' 1843 నాటి కథ, ఇంచుమించు మీరు చదువుతున్న ఈ వ్యాసమంత. ముసలాణ్ణి చంపి నేలచెక్కల కింద దాచినవాడికి గుండె చప్పుడు వినబడుతుంది. చప్పుడు పెరిగేకొద్దీ వాక్యాలు కూడా తడబడి, తెగి, పరిగెత్తుతాయి. దీన్ని తొమ్మిది రోజులకు పంచండి. సోమవారం ముసలాడి కన్ను. మంగళవారం సెలవు. బుధవారం లాంతరు, మధ్యలో గ్యాస్ బుక్ చేయడం. గురువారం పాలవాడి లెక్క. తొమ్మిదో రోజుకు ఆ గుండె చప్పుడు బ్యాటరీ అయిపోవచ్చిన గోడగడియారంలా వినబడుతుంది. మీరు గెలిచారు.

6. కుక్కర్ పెట్టి చదవండి.

ఎం. ఆర్. జేమ్స్ కేంబ్రిడ్జి పండితుడు. కింగ్స్ కాలేజీలో క్రిస్మస్ రాత్రుల్లో స్నేహితుల్ని గదిలో కూర్చోబెట్టి, ఒక్క కొవ్వొత్తి ఉంచి మిగతావి ఆర్పేసి, తను రాసిన దయ్యం కథ చదివి వినిపించేవాడు. అలాంటి కథలతో 1904లో 'ఘోస్ట్ స్టోరీస్ ఆఫ్ యాన్ యాంటిక్వెరీ' వచ్చింది. చీకటి, నిశ్శబ్దం, నలుగురు మనుషులు, ఒక్క గొంతు. ఈ నాలుగింటిలో ఏదీ మీ ఇంట్లో ఉండకుండా చూసుకోండి.

ట్యూబులైటు వేయండి. హాల్లో సీరియల్ పెట్టించండి. పన్నెండున్నరకు కుక్కర్లో పప్పు పెట్టి, 'ఓ, విజిల్, అండ్ ఐల్ కమ్ టు యూ, మై లాడ్' తెరవండి. దయ్యాలంటే చిరాకుపడే పార్కిన్స్ అనే ప్రొఫెసర్ సముద్రం ఒడ్డున పాత శిథిలాల్లో ఒక కంచు ఈల ఏరి, బసకు తెచ్చి ఊదుతాడు. సరిగ్గా ఆ వాక్యం దగ్గర మీ కుక్కర్ మూడో విజిల్ వేయాలి. లేచి వెళ్ళి పొయ్యి కట్టేయండి. తిరిగొచ్చేసరికి ఈల ఊదాక ఏమైందో, అసలు ఎవరు ఊదారో మరిచిపోయి ఉంటారు. ఈ లెక్క కుదరడానికి రెండు మూడు పూటల సాధన కావాలి. పప్పు ముందే నానబెడితే విజిళ్ళ లెక్క మారుతుంది, జాగ్రత్త.

ఈ నియమం తప్పిన ఒక్క రాత్రి గురించి చెబుతానన్నాను. ఇంట్లోవాళ్ళు పెళ్ళికెళ్ళారు. వాన, కరెంటు లేదు. ఫోనులో ఆ కథ తప్ప ఇంకేమీ లేదు. పార్కిన్స్ గదిలో రెండు మంచాలు ఉంటాయి. ఒకదానిమీద అతను పడుకుంటాడు. పొద్దున పనమ్మాయి వచ్చి చూస్తే రెండోదాని దుప్పట్లు కూడా నలిగి ఉంటాయి. జేమ్స్ గొంతు పెంచడు. రక్తం చూపించడు. చివర్లో ఆ రెండో మంచం మీది దుప్పటి లేచి కూర్చుంటుంది, అంతే. నలిగిన గుడ్డే దానికి మొహం. నా గదిలోనూ రెండు మంచాలు ఉన్నాయి. రెండోదానిమీద మా ఆవిడ ఊరెళ్ళే హడావుడిలో తీగమీంచి తీసి పడేసిన దుప్పట్లు కుప్పగా ఉన్నాయి. కరెంటు తెల్లవారుజామున నాలుగింటికి వచ్చింది. అప్పటిదాకా ఆ కుప్ప వైపు చూస్తూ, చూడనట్టు నటిస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. ఉతికిన దుప్పట్లు అప్పటికప్పుడే మడతపెట్టి బీరువాలో పెట్టే పని నాది. ఇన్నాళ్ళకు నాకు శుభ్రత అబ్బిందని మా ఆవిడ సంతోషిస్తోంది.

7. చివరి పేజీ ముందు చదవండి.

జెకిల్, హైడ్ ఒక్కరేనని ఇవాళ బడిపిల్లలకు కూడా తెలుసు. 1886లో పుస్తకం కొన్నవాడికి తెలీదు, లాయరు అటర్‌సన్ వెంట లండన్ పొగమంచులో తిరిగి తిరిగి తెలుసుకున్నాడు పాపం. మీకా తిప్పట అక్కర్లేదు.

ఈ చిట్కాకు లొంగని పుస్తకం ఒకటుంది. హెన్రీ జేమ్స్ 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ', 1898. చివరి పేజీ చదివినా ఏమీ తేలదు. పల్లెటూరి బంగళాలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే గవర్నెస్ చూసినవి దయ్యాలా, ఆవిడ మనసే చెదిరిందా అని పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. ఇలాంటి మోసాల కోసం మూడు వాక్యాలు జేబులో ఉంచుకోండి.

"నిజానికి ఇది దయ్యం కథ కాదండీ."

"దయ్యం బయట లేదు, లోపలుంది."

"చివర్లో అంతా పాఠకుడికే వదిలేశాడు."

ఏ పుస్తకానికైనా, ఏ వరసలోనైనా పనిచేస్తాయి. 'ఫ్రాంకెన్‌స్టైన్'కు, 'ఉడోల్ఫో'కు మాత్రం "వదిలేసింది" అనాలి. ఒక సభలో నేను మేరీ షెల్లీని పదిహేను నిమిషాలపాటు వాడు, వీడు అని మాట్లాడాను. అధ్యక్షులవారు కూడా చదవలేదు కాబట్టి బతికిపోయాను.

8. లేని పుస్తకం చదవండి.

హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ మన పాలిట దేవుడు. 1928లో 'వియర్డ్ టేల్స్' పత్రికలో వచ్చిన 'ది కాల్ ఆఫ్ క్థుల్హు'లోని ఆ పేరు మనిషి నోటికి పలికేది కాదని రాసినవాడే అన్నాడు. మీరెలా పలికినా తప్పుపట్టేవాడు లేడు. ఇతని కథల్లో తరచూ వచ్చే 'నెక్రొనొమికాన్' అనే మంత్రగ్రంథం ఇతను కల్పించిందే, లోకంలో లేదు. లైబ్రరీకి వెళ్ళి అదే అడగండి. లేదంటారు. "ఇదండీ మన గ్రంథాలయాల పరిస్థితి" అని నిట్టూర్చి, దినపత్రిక తిరగేసి ఇంటికి రండి. ఆ పూటకు చదువు అయింది.

9. ఒక్క రాత్రిలో అన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి.

ఈ పాత పుస్తకాల్లో చాలావాటికి కాపీరైటు తీరిపోయింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అంటే డబ్బుల్లేవన్న సాకు పోయింది, ఇది పెద్ద దెబ్బే. కానీ అరవై పుస్తకాలు ఫోనులోకి దించుకుంటే అరవై చదివినంత అలసట వస్తుంది. మర్నాటి నుంచి స్క్రీను మీద చదివితే కళ్ళు లాగుతున్నాయనండి. అచ్చు పుస్తకం తెచ్చిపెడితే అక్షరాలు చిన్నవనండి. కళ్ళజోడు మార్పిస్తే ఇంగ్లీషు పాతదనండి. తెలుగు అనువాదం చేతికిస్తే మూలంలోని రుచి రాలేదనండి. ఆ తరవాత పిల్లల పరీక్షలు, ఆషాఢం, అమావాస్య ఎలాగూ ఉన్నాయి.

10. పెద్దల దగ్గర ఒకలా, కుర్రాళ్ళ దగ్గర ఒకలా మాట్లాడండి.

యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' నాటి నుంచి చేతబడి నవలలకు విమర్శకులు పెట్టిన పేరు ఒకటుంది, క్షుద్ర సాహిత్యం. పెద్దవాళ్ళ మధ్య ఉంటే ఆ మాట వాడి, ముక్కు చిట్లించి, హారర్ మొత్తాన్ని కొట్టిపారేయండి. కుర్రాళ్ళ మధ్య ఉంటే అదే దాన్ని గోథిక్ అనండి. రెండు మాటలకూ మధ్య మీరు చదవాల్సింది ఏమీ లేదు. (ఆ పెద్దల్లో సగంమంది తులసిదళాన్ని లెక్కల పుస్తకం చాటున పెట్టుకుని చదివినవాళ్ళే. కదిలిస్తే పేజీ నంబర్లతో చెబుతారు. కదిలించకండి.)

ఇరుకున పడితే అంతా మన దగ్గర్నించే ఎత్తుకుపోయారనండి. దీనికి ఆధారం కూడా ఉంది. రిచర్డ్ బర్టన్ 1870లో మన బేతాళ కథల్ని ఇంగ్లీషులో చెప్పి 'విక్రమ్ అండ్ ది వాంపైర్' అని పేరు పెట్టాడు. ఇరవై అయిదు కథల్లో పదకొండే చెప్పాడు, ఆయనా మన బాపతే. బేతాళుడు మెడ కొరకడు, భుజం మీద వేలాడుతూ ప్రశ్న అడుగుతాడు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుందని షరతు. మనకా బెంగ లేదు, తెలియదు కదా.

11. వాట్సాప్‌లో "నెలకో హారర్ క్లాసిక్" గ్రూపు పెట్టండి. మొదటి నెల ఏ పుస్తకమని ఓటింగ్ పెట్టండి. రెండో నెల ఓటింగ్ సరిగ్గా జరగలేదని మళ్ళీ పెట్టండి. ఎవడైనా చదివేశానంటే అడ్మిన్ హోదాలో తీసేయండి.

12. పుస్తకాలు పిల్లలకు అందే ఎత్తులో పెట్టకండి.

నా అనుభవం మీకు పాఠం కావాలి. వేసవి సెలవులకు వచ్చిన పన్నెండేళ్ళ మేనకోడలు కుర్చీ వేసుకుని నా ఆబిడ్స్ సంకలనం ఒకటి దించింది. మొదటి చిట్కాలో గుమ్మంలోంచే పంపేయమన్న 'ది మంకీస్ పా' అందులో ఉందని నాకే తెలీదు. 1902 నాటి కథ. మన దేశంలో పనిచేసి వెళ్ళిన ఒక సార్జెంట్ మేజరు ఇంగ్లండులో స్నేహితుడి ఇంటికి ఎండిపోయిన కోతిచెయ్యి తెస్తాడు. ఎవరో ఫకీరు మంత్రించిందట, మూడు కోరికలు తీరుస్తుందట. ఆ ఇంటాయన రెండు వందల పౌండ్లు కావాలనుకుంటాడు. మర్నాడు ఫ్యాక్టరీ నుంచి మనిషి వస్తాడు. కొడుకు మెషీన్లో పడి చచ్చిపోయాడు, కంపెనీ ఇచ్చే పరిహారం రెండు వందల పౌండ్లు. రోజులు గడిచాక ఓ రాత్రి, వాణ్ణి బతికించమని కోరుకో అంటూ తల్లి పట్టుబడుతుంది. కోరుకుంటాడు. వీధితలుపు చప్పుడవుతుంది.

నేను ఎక్కడో చదివిన సారాంశం ఇక్కడిదాకానే ఉంది.

పొద్దున్నే ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి, "మామయ్యా, తలుపు కొట్టింది వాడేనా?" అంది. మీరైతే ఏమంటారు? తెలీదని మాత్రం అనకండి. "వాడే కదమ్మా, లోపలికొస్తాడు, అందరూ కలిసి ఉంటారు" అన్నాను నేను.

"మరి మూడో కోరిక?" అంది.

మూడో కోరిక ఇంకా మిగిలి ఉందని నాకు అప్పుడే తట్టింది. ఇలాంటి సమయంలో తొట్రుపడకూడదు. కళ్ళజోడు కొంచెం కిందికి దించాను.

"నువ్వు చదివింది ఏ ఎడిషన్?" అన్నాను.

అది నావంక కాసేపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళి వాళ్ళ అత్తయ్యకు కథంతా చెప్పడం మొదలుపెట్టింది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. మీరు వెంటనే టీవీ సౌండు పెంచండి. రాత్రికి హాల్లో లైటు ఉంచమని అడుగుతుంది, ఉంచండి. మీరు మీ గదిలోకి వెళ్ళి, బీరువాకు తాళం వేసి, హాయిగా పడుకోండి. ఏ రెండింటికో ఒక్కర్తే పడుకోలేక మీ తలుపు తడుతుంది. తీయకండి. తీస్తే మిగతా కథ చెప్పేస్తుంది.